నోట్‌ప్యాడ్‌లో రోజువారీ లాగ్: వాడుతున్నదాన్నిగా నా సమీక్ష

విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ ఉత్త అక్షరాలు రాసుకునే చిన్న ప్రోగ్రాం నోట్‌ప్యాడ్ ఉంటుంది. 1985లో విండోస్ తొలి వెర్షన్‌తో పాటే వచ్చింది. ఎక్కణ్ణించో కాపీ చేసింది కాసేపు అతికించి పెట్టుకోడానికి తప్ప చాలామంది దాన్ని తెరవరు. నేను నా సొంత పనుల లెక్కంతా, ఏ పని ఎప్పుడు చేశానో ఎక్కడ ఆపానో, అందులోనే రాస్తున్నాను. దీన్నే లాగ్ అంటున్నాను. అదెలాగో చెప్పమని మా స్టాఫ్‌రూమ్‌లో అడుగుతుంటారు. విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఉండేది తెనాలిలో, దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. బడీ ఇల్లూ కాక నావంటూ మూడు పనులున్నాయి. మొదటిది మా అమ్మమ్మ పాటల నోట్‌బుక్కు టైపు చెయ్యడం. పెళ్ళిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఆవిడ తన చేత్తో రాసుకున్నవి, అంచులు పొడి రాలిపోతున్నాయి. రెండోది డిపార్ట్‌మెంటల్ టెస్టులు: ప్రభుత్వోద్యోగులు రాసే శాఖాపరమైన పరీక్షలివి. జీఓటీ (గెజిటెడ్ ఆఫీసర్ల టెస్టు)లో 88, 97 పేపర్లు, ఈఓటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల టెస్టు) 141. అవి లేకపోతే హెడ్మాస్టర్ ప్రమోషన్ మాటే ఉండదు. మూడోది మేడ మీద కుండీల్లో కూరగాయలు. ఈ మూడింటిలో ఏదీ ఫలానా తేదీకల్లా తెమ్మని అడిగేవాళ్ళు లేరు. ఆగిపోయినా ఎవరూ ఏమనరు. ఇలాంటి పనులకే లాగ్ కావాలి. బడి పనికి గంట కొట్టేవాళ్ళు ఉన్నారు, దీనికి లేరు.

ఇక పనిముట్టు. నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైలు తెరిచి, మొట్టమొదటి వరుసలో చుక్క పెట్టి, ఖాళీ లేకుండా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఎల్, ఓ, జీ అని కొట్టండి. ఎంటర్ కొట్టి, ఫైలుకి ఒక పేరిచ్చి సేవ్ చేసి మూసెయ్యండి. మళ్ళీ ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ చివర్లో ఆ క్షణపు సమయం, తేదీ దానంతటదే పడుతుంది. కర్సర్ దాని కిందే నిలబడి ఉంటుంది. అంతే, ఇంకేమీ లేదు. చిన్నక్షరాలు కొడితే పనిచెయ్యదు. మొదటి వరుసలో కాక రెండో వరుసలో ఉన్నా పనిచెయ్యదు. ఫైలు తెరిచి ఉండగా మళ్ళీ సమయం కావాలంటే ఎఫ్5 నొక్కితే చాలు.

దీనికి నేను ఒకటి జోడించుకున్నాను. విండోస్ మీటా ఆర్ అక్షరమూ కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీల్లేకుండా కొడితే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. లాగ్ ఫైలుకి షార్ట్‌కట్ చేసి అందులో పెట్టాను. ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యగానే ఫైలు తెరుచుకుని, సమయం వేసి, ఎదురుగా ఉంటుంది. ఈ ఒక్క ఏర్పాటు వల్లే నాకు లాగ్ అలవాటయిందని గట్టిగా చెప్పగలను. జనవరిలో వచ్చే డైరీలు తీసి, పేజీ వెతికి, పెన్ను వెతికి రాయడం వేరు. ఇక్కడ తేదీ ముందే పడి ఉంటుంది, దాని కింద ఒక మాటైనా రాయకుండా మూసెయ్యబుద్ధి కాదు.

నా లాగ్‌లోంచి రెండు రోజుల ముక్క ఉన్నదున్నట్టు పెడుతున్నాను. ఇందులో ఈఎల్ అంటే ఎర్న్‌డ్ లీవ్, పాఠం అంటే ఒక మాటని ఎవరు ఎలా పాడతారన్నది.

05:04 14-07-2025
పాటలు: అప్పగింతల పాట, నాలుగో చరణం అయింది. ఐదో చరణం రెండో పాదంలో ఒక మాట చెమ్మకి చెరిగింది. "పుట్టిని" వరకే కనబడుతోంది. "పుట్టినిల్లు" అని నేనే పూరించెయ్యకూడదు, పిన్నిని అడగాలి.
05:47 14-07-2025
ఆపాను. ఈసారి: ఆరో చరణం, గులాబీ దారం పెట్టిన పేజీ, కింద నుంచి మూడో గీత.

20:31 14-07-2025
టెస్టు: లీవ్ రూల్స్, ఈఎల్ సరెండర్ దగ్గర.
20:43 14-07-2025
ఆపాను. చుట్టాలొచ్చారు. ఈసారి: ఈఎల్ మళ్ళీ మొదటినుంచీ.

06:10 15-07-2025
తోట: రెండో కుండీలో బీరతీగ పందిరి అందుకుంది. ఆకుల మీద పెంకు పురుగులు, చేత్తో ఏరేశాను. సాయంత్రం మళ్ళీ చూడాలి.

20:15 15-07-2025
పాటలు: పిన్ని ఫోన్లో పాడింది. తను "పుట్టినింటి" అంటోంది. టైపులో "పుట్టిని" వరకే ఉంచి, పక్కన "పిన్ని పాఠం: పుట్టినింటి" అని రాశాను.

ఇందులో అసలు విలువ "ఈసారి" అన్న మాట తర్వాత ఉన్న దాంట్లో ఉంది. నాకు ఒకేసారి రెండు మూడు గంటలు దొరకవు. దొరికేవి ముప్పావుగంటలు, అవీ మధ్యలో కుక్కర్ కూతలతో. అలాంటి ముప్పావుగంటలో మొదటి పావుగంట "మొన్న ఎక్కడ ఆపాను" అని వెతుక్కోడానికే పోయేది. ఏ పేజీలో ఉన్నాను, ఆ మాట పిన్నిని అడిగానా లేదా, అడిగితే ఏం చెప్పింది? ఇప్పుడు ఫైలు తెరవగానే పైన నిన్నటి నా చేతిరాత లాంటిదే కనబడుతుంది: గులాబీ దారం పేజీ, కింద నుంచి మూడో గీత. కూర్చున్న నిమిషంలో వేళ్ళు కీబోర్డు మీద ఉంటాయి. కాబట్టి లాగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే: చేసింది రాయడానికి బద్ధకమైతే మానెయ్యండి, ఆపిన చోటు మాత్రం రాయండి. అదీ వివరంగా రాయండి. "పాటలు కొనసాగించాలి" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ కాగితం, ఏ గీత, ఎవర్ని ఏమడగాలి, అంత ఉండాలి.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు ఆ పదిహేను నెలల ప్రయాణంలో మజిలీ మజిలీకీ రాసుకుంటూ వెళ్ళారు. ఏ రోజు ఏ ఊళ్ళో దిగిందీ, అక్కడ నీళ్ళు ఎలా ఉన్నదీ, అంగళ్ళు ఉన్నదీ లేనిదీ, దారి ఇసకా రాయా, అన్నీ. ఇంటికొచ్చాక తీరిగ్గా గుర్తు చేసుకుని రాస్తే నీళ్ళ సంగతి, అంగళ్ళ సంగతి అంత నికరంగా మిగిలేది కాదు. వెనక వచ్చేవాడికి ఏం కావాలో తెలిసి రాసిన రాత అది. రేపు పొద్దున నా కుర్చీలో కూర్చునే నేను కూడా వెనక వచ్చే మనిషినే కదా అని అనుకుని రాస్తాను.

బడికి రాసే టీచింగ్ డైరీకీ దీనికీ తేడా కూడా అక్కడే ఉంది. అది తనిఖీకి వచ్చినవాళ్ళు చూడ్డానికి రాసేది, అందులో ప్రతి పీరియడూ చక్కగా పూర్తవుతుంది. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. పన్నెండు నిమిషాలు చదివానని రాసుకోడానికి ఇబ్బంది లేదు.

ఆ పన్నెండు నిమిషాలే నాకు పెద్ద మేలు చేశాయి. నెలాఖరున ఒకసారి లాగ్ మొత్తం చదువుతాను. అలా చదివినప్పుడు తేలిందేమిటంటే, రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైన "టెస్టు" రాతలన్నీ చిన్నవే. చుట్టాలు, ఫోను, నిద్ర, మా అబ్బాయి లెక్క. తెల్లవారుజామున మొదలైనవి మాత్రం పూర్తి ముప్పావుగంట నడిచాయి. మనసులో నేను "రోజూ రాత్రి చదువుతున్నాను" అనే అనుకునేదాన్ని. సమయాలు ఆ మాట అనడం లేదు. దాంతో రెండూ అటూఇటూ చేశాను: రూల్సు తెల్లవారుజాముకి, పాటలు రాత్రికి. పాట టైపు చేస్తుంటే ఎవరైనా పిలిచినా నష్టం లేదు, చరణం అక్కడే ఉంటుంది. సెలవు నిబంధన సగంలో లేస్తే మాత్రం మళ్ళీ మొదటికి రావాలి. ఈ తెలివి ఎవరూ చెప్పలేదు, ఆ ఎఫ్5 సమయాలే చెప్పాయి. మొదలుపెట్టిన సమయం ఒక్కటే ఉంటే ఇది తేలదు. ఆపిన సమయం కూడా వెయ్యాలి, అది మనమే నొక్కాలి.

తోటకి ఇది ఇంకోలా పనికొస్తోంది. బీర గింజ ఎప్పుడు పెట్టాను, మొదటి పిందె ఎప్పుడు కనబడింది, పెంకు పురుగు ఏ నెలలో వచ్చింది అన్నవి వెతికితే దొరుకుతాయి. గ్యాసు బండ మార్చిన తేదీ, పాలు రాని రోజులు గోడ క్యాలెండర్ మీద రాసుకోవడం మన ఇళ్ళల్లో ఉన్నదే. కానీ ఏడాది మారగానే ఆ క్యాలెండర్ అట్టలకి, అల్మరా అరల్లోకి వెళ్ళిపోతుంది. ఫైల్లో ఉంటే మళ్ళీ జూన్ వచ్చినప్పుడు కంట్రోల్ ఎఫ్ నొక్కి "బీర" అని కొడితే కిందటేటి తేదీ వస్తుంది.

ఇక తెలుగులో రాసేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి. ఇవి ఎక్కడా ఒకచోట రాసి లేవు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటిది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని కంప్యూటర్ ఏ సంకేతాలతో దాచుకోవాలన్న పద్ధతి. 2019 మేలో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్ళని అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేస్తుంది, తెలుగుకి ఏ ఢోకా లేదు. అంతకు ముందు వెర్షన్లలో మామూలుగా ఉండేది ఆన్సీ అనే పద్ధతి, అందులో తెలుగు పట్టదు. పాత కంప్యూటర్లో తెలుగు రాసి సేవ్ చేస్తే అక్షరాలు పోతాయని ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా ఓకే కొడితే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి, వాటిని తిరిగి తెప్పించే దారి లేదు. కాబట్టి సేవ్ యాజ్‌లో అడుగున ఉండే ఎన్‌కోడింగ్ గడిలో యూటీఎఫ్-8 ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి. అదే 1903 వెర్షన్‌తో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ కొడితే తెలుగు పడేది) కూడా విండోస్‌లోనే వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు అమరిక రానివాళ్ళు దాన్ని పెట్టుకోవచ్చు. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషూ తెలుగూ మారతాయి.

రెండోది తేదీ. కొన్ని ల్యాప్‌టాప్‌లు అమెరికా ఇంగ్లీషు సెట్టింగుతో ఉంటాయి. నోట్‌ప్యాడ్ వేసే తేదీ ఆ సెట్టింగునే అనుసరిస్తుంది కాబట్టి నెల ముందు పడుతుంది. 7/6/2025 అని ఉంటే అది జూలై 6. మనం జూన్ 7 అని చదువుతాం. రెండూ బడి తెరిచిన రోజులకి దగ్గరవే కావడంతో అనుమానం కూడా రాదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో రీజియన్ దగ్గరికి వెళ్ళి రీజినల్ ఫార్మాట్‌ని ఇండియా ఇంగ్లీషుకి మార్చుకోండి. అప్పటికే పడిన తేదీలు మారవు, అవి మామూలు అక్షరాలే. అందుకే ఈ పని మొదటిరోజే చెయ్యాలి.

మూడోది వెతుకులాట. ప్రతి రాత మొదట్లో పని పేరు రాసి పక్కన రెండు చుక్కలు పెడతాను: "పాటలు:", "టెస్టు:", "తోట:". ఊరికే "తోట" అని వెతికితే "తోటకూర" కూడా వచ్చేస్తుంది. రెండు చుక్కలతో కలిపి వెతికితే ఆ పని రాతలే వస్తాయి. ఒకసారి వెతికాక ఎఫ్3 నొక్కుతూ పోతే ఒక్కోటీ చూడొచ్చు. ఇక్కడ జాగ్రత్త: ఒక రోజు "టెస్టు", ఒక రోజు "టెస్ట్" అని రాస్తే అవి కంప్యూటర్‌కి వేరువేరు మాటలు. అంతకంటే చిక్కు ఇంకోటుంది. "నోట్‌బుక్" లాంటి మాటలో ట పొల్లు, బ ఒత్తుగా కలవకుండా విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం పడాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఫోన్లో కొట్టినప్పుడు ఒకలా, కంప్యూటర్లో కొట్టినప్పుడు ఒకలా పడుతుంటుంది. చూడ్డానికి రెండు మాటలూ ఒకటే, వెతికితే దొరకవు. అందుకని పనుల పేర్లకి మధ్యలో పొల్లు లేని, అచ్చుతో ముగిసే అచ్చమైన చిన్న మాటలు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

లోపాలు ఉన్నాయి, చిన్నవేం కాదు. ఈ నెలలో పాటలకి ఎన్ని గంటలు పెట్టాను అని అడిగితే నోట్‌ప్యాడ్ చెప్పదు. మొదలూ చివరా చూసి తీసివేతలు మనమే చేసుకోవాలి. నేను నెలాఖరున కాగితం మీద చేస్తాను. అలా చెయ్యడం వల్లే రాత్రిళ్ళ సంగతి కళ్ళకి కట్టింది కాబట్టి నాకు కష్టం అనిపించలేదు, కానీ గంటల లెక్కన డబ్బు తీసుకునే పని చేసేవాళ్ళకి ఇది చాలదు. ఒక పనికి సంబంధించిన రాతలన్నీ ఒకచోట చేర్చి చూపించదు. ఫలానా రోజు ఫలానా పని ఉందని గుర్తు చెయ్యదు. టెస్టు నోటిఫికేషన్ తేదీలు నేను ఫోన్ క్యాలెండర్లోనే పెట్టుకుంటాను. తాళం లేదు. ఆ ల్యాప్‌టాప్ తెరిచినవాళ్ళెవరైనా చదవగలరు, అందుకని ఇంటి గొడవలు, మనసులో మాటలు ఇందులో రాయను. పనులు మాత్రమే రాస్తాను.

విండోస్ 11లో నోట్‌ప్యాడ్ చాలా మారింది. ట్యాబులు వచ్చాయి, అక్షరదోషాలు చూపించడం వచ్చింది, ఏఐతో తిరగరాయించే మీటలు వచ్చాయి. ఏఐ మీటలు అక్కర్లేకపోతే దాని సెట్టింగ్స్‌లో ఆపెయ్యొచ్చు. నేను ఆపేశాను, ఆపిన చోటు నా మాటల్లోనే ఉండాలి. ఒకటి మాత్రం బాగా గుర్తుంచుకోండి. కొత్త నోట్‌ప్యాడ్ సేవ్ చెయ్యకుండా మూసేసినా ఏమీ అడగదు, మళ్ళీ తెరిస్తే రాసింది అలాగే ఉంటుంది. అది చూసి ఫైల్లోకి వెళ్ళిందనుకోవద్దు. కంట్రోల్ ఎస్ నొక్కేదాకా అది అసలు ఫైల్లో చేరదు. ఆ ఫైలు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చివరి రాతలు అందులో ఉండవు.

దాచుకోవడం సులువు. ఆదివారం పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, ఏదైనా) ఒక్కోటీ మూడు బైట్లు, రోజుకి వెయ్యి సంకేతాలు రాసినా ఏడాదికి ఒక మెగాబైటు పైన కాస్త. ఫోన్లో తీసే ఒక్క ఫోటో దీనికంటే బరువు. బడి ఏడాది లెక్కన జూన్‌లో కొత్త ఫైలు మొదలుపెడతాను, పాతది అదే ఫోల్డర్లో ఉంటుంది. ఇది ఉత్త అక్షరాల ఫైలు కాబట్టి ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది. లాగిన్ లేదు, ఏడాదికింత కట్టమనేది లేదు. డబ్బు కట్టే యాప్‌లు ఒకటి రెండు నేనూ వాడి చూశాను. వాటిలో రంగులు, పట్టీలు సర్దుకోవడమే ఒక పనయ్యేది.

ఎవరికి నప్పుతుందంటే, రోజూ ల్యాప్‌టాప్ తెరిచేవాళ్ళకి, ఎవరూ తొందరపెట్టని పని ఒకటి చేతిలో ఉన్నవాళ్ళకి, ఆ పనిని ముక్కలు ముక్కలుగా తప్ప చెయ్యలేనివాళ్ళకి. పరిశోధన చేసేవాళ్ళకి, ఊరి చరిత్రో వంశవృక్షమో తయారు చేసుకునేవాళ్ళకి తప్పకుండా చెబుతాను: ఏ మాట ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాత పక్కనే ఉంటుంది. పిన్ని పాఠం, అమ్మమ్మ పాఠం నాకు కలిసిపోకుండా ఉన్నాయంటే ఈ తేదీల వల్లే. నలుగురు కలిసి చేసే పనికి మాత్రం ఇది వద్దు, ఒకే ఫైల్లో ఇద్దరు రాస్తే ఒకరి రాత మీద ఇంకొకరిది పడుతుంది.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్ళ మాటేమిటని మా చెల్లెలు అడిగింది. తను ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, ల్యాప్‌టాప్ లేదు. నోట్‌ప్యాడ్ ఇచ్చే ఈ సమయం ఫోన్లో రాదు, ఫైలు తెరిచినా తేదీ మనమే కొట్టుకోవాలి. తనకి వాట్సాప్‌లో తన నంబరుకే తను మెసేజ్ పెట్టుకోవడం చూపించాను. 2022 చివర్లో వచ్చిన సదుపాయం అది. సమయం, తేదీ దానంతటవే పడతాయి, వెతికితే దొరుకుతాయి, గుడ్డ ఫోటో కూడా పక్కనే పెట్టుకోవచ్చు. "కుట్టు:" అని మొదలుపెట్టి, ఎవరి బ్లౌజు, ఎంతవరకు అయింది, హుక్సు ఉన్నాయా కాజాలు ఉన్నాయా అన్నది రాస్తోంది.